‘ఫీలయ్యాను’ దగ్గరే ఆగకుండా

స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకం ఏది తిరగేసినా కూరగాయల పేర్లు, చుట్టరికాలు, బ్యాంకులోనూ రైల్వే స్టేషన్లోనూ పలకాల్సిన వాక్యాలు పేజీల కొద్దీ ఉంటాయి. మనసు దగ్గరికి వచ్చేసరికి హ్యాపీ, శాడ్, యాంగ్రీ, అఫ్రెయిడ్ అని నాలుగు మాటలు, వాటి పక్కన సంతోషం, విచారం, కోపం, భయం అని నాలుగు అర్థాలు. పాఠం అక్కడితో సరి. ఆ నాలుగు మాటలు పట్టుకునే పల్లెటూరి పిల్ల హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో చేరుతుంది. ఆ నాలుగు మాటలు పట్టుకునే కుర్రాడు ఎమ్మెస్‌కని డాలస్ విమానం ఎక్కుతాడు.

మామూలు రోజుల్లో ఈ కొరత తెలియదు. మొదటి సెమిస్టర్లో సబ్జెక్టులు పోయినప్పుడు, గదిలో తోటివాళ్లతో పొసగనప్పుడు, నిద్ర పట్టని రాత్రులు వరసగా వచ్చినప్పుడు తెలుస్తుంది. ధైర్యం చేసి కౌన్సెలర్ గదికి వెళితే ఆమె ఎంతో ఆదరంగానే ‘హౌ ఆర్ యూ ఫీలింగ్?’ అని అడుగుతుంది. చెప్పాల్సింది గొంతు నిండా ఉంటుంది. నోట్లోంచి మాత్రం ‘టెన్షన్’ అన్న ఒక్క మాటే వస్తుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఎంత దూరం వెళ్లగలదు?

అలాగని మనసు గురించిన ఇంగ్లిష్ మాటలకు మన దగ్గర కొదవేమీ లేదు. టెన్షన్, ఫీలింగ్, మూడ్, స్ట్రెస్, డిప్రెషన్... ఇవి సంతలోనూ వినబడతాయి, సీరియల్లోనూ వినబడతాయి. కాకపోతే అవి ఇక్కడికి వచ్చి తెలుగు మాటలైపోయాయి. ‘ఆమె ఫీలైంది’ అంటే నొచ్చుకుందని మనకు తెలుసు. ‘ఏం ఫీలవకు’ అంటే మనసులో పెట్టుకోవద్దని. ఇంగ్లిష్‌లో ఫీల్ అన్నది ఖాళీ గిన్నె. అందులో ఏం పోశారో చెబితే తప్ప అర్థం పూర్తి కాదు. ‘ఐ యామ్ ఫీలింగ్’ అని మనవాడు వాక్యం ముగించాననుకుంటాడు. అవతలివాళ్లు తర్వాతి మాట కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

టెన్షన్ సంగతీ అంతే. మనకు పరీక్ష భయమూ టెన్షనే, పెళ్లి పనుల హడావుడీ టెన్షనే, అప్పులవాడి ఫోనూ టెన్షనే, కొడుకు పొద్దుపోయినా ఇంటికి రాకపోవడమూ టెన్షనే. ఇంగ్లిష్‌లో వీటికి విడివిడి మాటలున్నాయి. పరీక్ష హాలు బయట ఉన్నది నెర్వస్. కొడుకు కోసం గేటు దగ్గర నిలబడ్డ తల్లి వరీడ్. ఫలానాదని చెప్పలేని భయం రోజుల తరబడి లోపల కదులుతుంటే యాంగ్షస్. పనులన్నీ ఒక్కసారిగా మీద పడితే ఓవర్‌వెల్మ్‌డ్. ఈ తేడాలు తెలుగులో లేనివి కావు. బెరుకు, ఆదుర్దా, గుబులు, ఉక్కిరిబిక్కిరి అని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. టెన్షన్ వచ్చి పిల్లల నోట ఆ నాలుగు మాటలనూ పలకనివ్వకుండా చేసింది, వాటికి సాటివచ్చే నాలుగు ఇంగ్లిష్ మాటలనూ వెంట తీసుకురాలేదు. నష్టం రెండు వైపులా జరిగింది. అందుకే భావాలకు ఇంగ్లిష్ మాటలు నేర్చుకోవడాన్ని కేవలం ఇంటర్వ్యూ వ్యవహారంగా చూడకూడదని మా అభిప్రాయం. సరిగ్గా నేర్పితే ఆ పాఠంతోనే తెలుగు మాటలు కూడా వెనక్కి వస్తాయి.

కోపాన్నే చూడండి. యాంగ్రీ ఒక్కటే వచ్చిన పిల్లాడు కోపాలన్నిటినీ దాని కిందే జమ కడతాడు. చిన్నపాటి చిరాకు ఇరిటేటెడ్. ఎంత పెనుగులాడినా పని కాకపోతే ఫ్రస్ట్రేటెడ్. అందులో కోపం కన్నా అడ్డు తగిలిన ప్రయత్నమే ఎక్కువ. తనకు అన్యాయం జరిగిందని బయటికి అనకుండా లోపల్లోపల రగిలేది రిజెంట్‌ఫుల్. పై అధికారికి రాసే మెయిల్లో ఫ్రస్ట్రేటెడ్ అనాల్సిన చోట యాంగ్రీ అని రాస్తే పరిణామం వేరుగా ఉంటుంది. మొదటి మాట సాయం అడుగుతుంది. రెండోది తగవుకు వచ్చినట్టు వినిపిస్తుంది.

వీటన్నిటికన్నా ముందు పిల్లలకు నేర్పాల్సింది గిల్ట్‌కీ షేమ్‌కీ మధ్య ఉన్న తేడా. గిల్ట్ చేసిన పని గురించి కలిగే బాధ: ‘చదవాల్సింది, చదవలేదు.’ షేమ్ తన గురించే కలిగేది: ‘నేనే పనికిరానివాణ్ని. ఇంట్లోవాళ్లకు మొహం ఎలా చూపించను?’ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడల్లా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గుండె చెరువయ్యే వార్తలు చదువుతున్నాం. ఒక ప్రాణం పోవడం వెనక కారణం ఒక్కటే ఉండదు, ఏదో ఒక మాట నేర్పితే ఆగిపోతుందనీ చెప్పలేం. కానీ ఫెయిలైన పిల్లలందరి బాధా ఒకటి కాదన్నది మాత్రం నిజం. మొదటి రకం బాధకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంది, ట్యూషన్ ఉంది, ఇంకో గంట చదువు ఉంది. రెండో రకం బాధకు పరీక్ష ఫీజు కడితే సరిపోదు. పక్కన కూర్చుని అన్నం తినిపించే మనిషి కావాలి, ‘మార్కులు ఎన్నొచ్చినా నువ్వు మా బిడ్డవే’ అనే గొంతు కావాలి. రెండో రకం బాధలో ఉన్న పిల్ల ‘బాధగా ఉంది’ అని మాత్రమే అనగలిగితే, ప్రేమగల తండ్రి కూడా ‘ఈసారి బాగా చదువుదువుగాని’ అంటాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఆ పిల్లకు ఆ పూట కావాల్సింది అది కాదు, అంతే.

మాట దొరికితే బాధ కొంత తగ్గుతుందని మన పెద్దవాళ్లు ఎప్పుడూ అనేదే. ఎవరితోనైనా చెప్పుకుంటే తేలికపడతావంటారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన దీన్ని మెదడులో చూసింది. కోపంతో, భయంతో ఉన్న మొహాల బొమ్మలు చూపించి ఆ భావానికి పేరు పెట్టమన్నప్పుడు, మెదడులో అపాయాన్ని పసిగట్టే ఎమిగ్డాలా ఉద్ధృతి తగ్గింది. 2012లో అదే యూనివర్సిటీలో సాలీడంటే హడలిపోయేవాళ్లను బతికున్న పెద్ద సాలీడు దగ్గరికి పంపారు. కొందరిని తమ భయాన్ని ఉన్నదున్నట్టు మాటల్లో చెప్పమన్నారు. కొందరిని ఇది ఏమీ చేయదులెమ్మని సర్దిచెప్పుకోమన్నారు. కొందరిని వేరే సంగతులు మాట్లాడమన్నారు. వారం తర్వాత మళ్లీ సాలీడు ముందుకు వచ్చినప్పుడు, భయాన్ని పేరు పెట్టి చెప్పినవాళ్ల ఒంట్లో కంగారు మిగతావాళ్లకన్నా తక్కువగా నమోదైంది. వాళ్లలోనూ భయపు మాటలు ఎక్కువ వాడినవాళ్లకే మేలు ఎక్కువ. భయపడకు, భయపడకు అని పిల్లల నోరు నొక్కేసే మనకు ఇది పనికొచ్చే సంగతి.

ఇక్కడొక చిక్కు ఉంది. ఏ భాషలో పేరు పెట్టాలి?

బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు టర్కిష్ మాతృభాషగా ఉండి తర్వాత ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్ల వేలికొనలకు చర్మంలోని చెమటను కొలిచే తీగలు తగిలించి, చిన్నప్పుడు అమ్మానాన్నలు తిట్టే తిట్లను రెండు భాషల్లోనూ వినిపించారు. 2003లో వెలువడిన ఆ ఫలితాల్లో టర్కిష్ తిట్టుకు ఉలిక్కిపడ్డ శరీరం ఇంగ్లిష్ తిట్టుకు అంతగా కదల్లేదు. తెలుగువాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. ‘షేమ్ ఆన్ యూ’ అంటే దులుపుకుని పోయే మనిషి ‘సిగ్గు లేదూ?’ అంటే అక్కడే ఆగిపోతాడు. ‘లవ్ యూ నాన్నా’ అని వాట్సాప్‌లో తేలిగ్గా పంపే కూతురు అదే మాట తెలుగులో అనడానికి ఎంత తటపటాయిస్తుందో చూస్తూనే ఉన్నాం.

పరాయి భాషలోని ఈ చల్లదనం ఒక వరం. తెలుగులో నోరు పెగలని సంగతి ఇంగ్లిష్‌లో చెప్పేయవచ్చు. చిన్నతనంలో జరిగిన అకృత్యం గురించి, భర్త పెట్టే హింస గురించి, చచ్చిపోవాలనిపిస్తున్న రాత్రుల గురించి మొదటిసారి బయటపెట్టడానికి ఆ కాస్త దూరం ఉపయోగపడుతుంది. ఇంగ్లిష్ మాటలు నేర్చుకోమనడానికి మాకు కనబడుతున్న బలమైన కారణాల్లో ఇదొకటి. అయితే చెప్పడం తేలికైన చోట వినేవాళ్లకు తగలకుండా పోయే ప్రమాదమూ ఉంది. న్యూజెర్సీలో పుట్టిన మనవడు ‘ఐ హావ్ యాంగ్జైటీ, అమ్మమ్మా’ అంటే ఆమెకు అదేదో జ్వరంలా వినిపిస్తుంది. ‘రాత్రి పడుకుంటే గుండె దడదడలాడుతోంది అమ్మమ్మా, ఏదో అయిపోతుందనిపిస్తోంది’ అంటే ఆమె చెయ్యి అతని తల మీదికి దానంతటదే వెళుతుంది. రెండూ చెప్పగలిగిన మనవడే ఆమె దగ్గరా డాక్టర్ దగ్గరా గెలుస్తాడు.

ఈ మాటలను చూసి బెదరాల్సిన పనీ లేదు. ఇంగ్లిష్‌కు ఇవన్నీ పుట్టుకతో వచ్చిన ఆస్తులేం కావు. ఎంపథీ అన్న మాట ఆ భాషలోకి 1909లో వచ్చింది. ఎడ్వర్డ్ టిచనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జర్మన్ మాటను చూసి దాన్ని తయారు చేశాడు. లోహాల మీద, కట్టడాల మీద పడే ఒత్తిడికి వాడే స్ట్రెస్‌ను మనుషుల ఒంటికీ మనసుకీ అంటగట్టిన ఘనత 1936లో తన పరిశోధన మొదటిసారి ప్రచురించిన హాన్స్ సెల్యేకి ఎక్కువగా దక్కుతుంది. నాస్టాల్జియాను 1688లో బాసెల్‌లో వైద్య విద్యార్థి యోహానెస్ హోఫర్ తన సిద్ధాంత వ్యాసం కోసం గ్రీకు ముక్కలు కలిపి అల్లాడు. ఇప్పుడు పాత సినిమా పాటలకు వాడుతున్న ఈ మాట అప్పట్లో జబ్బు పేరు. సొంత ఊరికి దూరమైన స్విట్జర్లాండ్ యువకులు తిండి మానేసి, నిద్ర పట్టక, జ్వరంతో చిక్కిపోవడం ఆయన రాశాడు. ఇంటికి పంపితే నయమవుతుందన్నాడు. బెంగ పెట్టుకుని పిల్లాడు జ్వరం తెచ్చుకున్నాడని హాస్టల్ నుంచి కబురు వస్తే తల్లిదండ్రులు పరుగున వెళ్లి రెండు రోజులు ఇంటికి తెచ్చుకోవడం మన దగ్గర ఈనాటికీ ఉంది. హోమ్‌సిక్ అన్న మాటను బెంగతో కలిపి నేర్పితే ఏ పిల్లాడూ మరచిపోడు.

భావాలను విడదీసి చూడటం మనకు కొత్త విద్యా కాదు. కూచిపూడి నేర్చుకునే పిల్లలు నాట్యశాస్త్రం చెప్పిన 8 స్థాయీ భావాలు, 33 సంచారీ భావాలు ఇప్పటికీ వల్లెవేస్తారు. ఆ 33లో అవహిత్థ అనేది ఒకటుంది. లోపలి భావాన్ని పైకి కనబడకుండా దాచుకోవడమే దాని అర్థం. ‘అయామ్ ఫైన్’ అని నవ్వే హాస్టల్ పిల్లల మొహం మీద రోజూ ఉండేది అదే. ఆ పట్టికలో మాకు బాగా నచ్చేది మాత్రం దాని విభజన. నిలిచి ఉండేది వేరు, వచ్చి పోయేది వేరు. ఇవాళ డిప్రెషన్ అన్న మాట వాడకంలో పోయింది సరిగ్గా ఈ విచక్షణే.

క్రికెట్ మ్యాచ్ ఓడిపోతే డిప్రెషన్, సినిమా టికెట్ దొరక్కపోతే డిప్రెషన్ అంటున్నాం. వైద్యుల లెక్క వేరు. ప్రపంచమంతా వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నపత్రంలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. అన్నీ గడిచిన రెండు వారాల గురించే. దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తాను దేనికీ కొరగాననుకోవడం, చేస్తున్న పని మీద ధ్యాస నిలవకపోవడం, కదలికలో మందగింపో తెంపులేని అస్థిమితమో, చావు ఆలోచనలు. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా అంకెలు వేసి మొత్తం 27కి చూస్తారు. అంటే డాక్టర్‌కు కావాల్సింది ఎంత లోతుగా ఉందో ఒక్కటే కాదు, ఎన్నాళ్లుగా ఉందో కూడా. మాటను తేలిగ్గా ఖర్చు పెట్టేస్తే నిజంగా రెండు వారాలుగా మంచం దిగని స్నేహితుడు ‘డిప్రెషన్’ అన్నప్పుడు మనం నవ్వి ఊరుకుంటాం. అందుకని డిప్రెస్డ్‌కు ముందు పిల్లలకు మరికొన్ని మాటలు అందించాలి. అనుకున్నది జరగకపోతే డిసప్పాయింటెడ్. ఎవరూ లేరనిపిస్తే లోన్లీ. ఒళ్లూ మనసూ అరిగిపోతే ఎగ్జాస్టెడ్. పోయిన మనిషి కోసమైతే గ్రీవింగ్.

మరోవైపు, ఈ మాట అసలు తెలియనందువల్ల సాయం అందనివాళ్లు ఎందరో. నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఒళ్లంతా మంటలు, తల బరువు, ఏమీ తోచడం లేదు అంటూ ఆర్ఎంపీ దగ్గర బలం ఇంజెక్షన్లు వేయించుకునే తల్లులు అందులో ఉన్నారు. రంది పట్టుకుందనో మనాది పట్టుకుందనో తెలంగాణ పల్లెల్లో అంటారు. ఆ మాట వినగానే చెవి ఒగ్గే వైద్యుడు ఆ తల్లికి దొరకాలి. ఆమెను ఇంగ్లిష్ నేర్చుకోమనడం అన్యాయం. అక్కడ నేర్చుకోవాల్సింది వైద్యుడే.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు చేసింది అదే. 2006లో హరారేలో ఆసుపత్రుల ఆవరణలో బెంచీలు వేయించి, మామూలు నాయనమ్మలకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాడు. మానసిక ఆరోగ్యం బెంచీ అంటే ఎవరూ రారని, స్నేహ బెంచీ అనమని ఆ నాయనమ్మలే సూచించారు. డిప్రెషన్ అన్న మాట పక్కనపెట్టి, షోనా భాషలో జనం రోజూ అనే ‘కుఫుంగిసిసా’ తో మొదలుపెట్టారు. అతిగా ఆలోచించడమని దాని అర్థం. ‘ఆలోచనలతో తల పగిలిపోతోంది’ అనే మన మాటకు అది దగ్గర. ఈ పద్ధతితో బాధలు గణనీయంగా తగ్గాయని 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. అక్కడ వైద్యం తెలిసినవాళ్లు ఊరి మాట నేర్చుకున్నారు. ఊళ్లోవాళ్లకు వైద్యం దొరికింది.

తరగతి గది సంగతికి వద్దాం. మాటలను పట్టిక రాయించి బట్టీ పట్టించడం దండగ. భావం మాట సంఘటనతో పాటు వస్తేనే నిలుస్తుంది. ‘నిన్న నీకు ఉక్రోషం వచ్చిన సందర్భం చెప్పు’ అని టీచర్ అడగాలి. పిల్లాడు తెలుగులోనే చెప్పాలి. వాడు చెప్పింది విన్నాక, అందులో ఉన్నది అవమానమా, అసహాయతా, అసూయా అని తరగతి అంతా కలిసి తేల్చుకున్నాక ఇంగ్లిష్ మాట బోర్డు మీదికి రావాలి. దాని పక్కనే ఎంత అన్నది కూడా: ఎ లిటిల్, క్వైట్, వెరీ. ఎన్నాళ్లు అన్నది కూడా: ఇవాళ, వారంగా, రెండు వారాలుగా.

వ్యాకరణం దగ్గర ఓపిక కావాలి. తెలుగులో భావం మన దగ్గరికి వస్తుంది. నాకు కోపం వచ్చింది, భయం వేసింది, జాలి కలిగింది, అనుమానం పుట్టింది, దిగులు పట్టుకుంది. ఇంగ్లిష్‌లో అదే మనిషి ‘ఐ యామ్’ అంటూ ముందుకొచ్చి నిలబడాలి. ఆ మలుపు దగ్గరే పిల్లలు తడబడి, విసుగొచ్చిందని చెప్పబోయి ‘ఐ యామ్ బోరింగ్’ అంటారు. తానే విసుగు పుట్టించేవాణ్నని అన్నట్టు అవుతుంది. ఇక్కడ తరగతి నవ్వితే ఆ పిల్లాడు ఇంకెప్పుడూ తన మనసు సంగతి ఇంగ్లిష్‌లో ఎత్తడు. బోర్డ్ అన్నది మనకు కలిగేది, బోరింగ్ అన్నది మనకు కలిగించేది అని నెమ్మదిగా చెబితే ఇంట్రెస్టెడ్, ఫ్రైటెండ్, కన్ఫ్యూజ్‌డ్ అన్నీ ఒకే దెబ్బకు వస్తాయి.

ఇంజినీరింగ్ కాలేజీల్లో కొత్తగా చేరినవాళ్లకు ఇండక్షన్ పేరుతో కొన్ని రోజులు కేటాయిస్తున్నారు. ఆ రోజుల్లో ఒక్క పూట ఇంగ్లిష్ లెక్చరర్, కౌన్సెలర్, తెలుగు బాగా వచ్చిన ఒక పెద్ద మనిషి ముగ్గురూ కలిసి ఈ పాఠం చెప్పవచ్చు. ఖర్చేమీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలిమానస్ ఉచిత సహాయ కేంద్రం నంబరు 14416ను అదే పూట అందరి ఫోన్లలోనూ ఎక్కించవచ్చు. ఆ నంబరును హాస్టల్ నోటీసు బోర్డు మీద కూడా పెట్టి, కింద ‘తెలుగులో మాట్లాడవచ్చు’ అని పెద్ద అక్షరాలతో రాయించాలి.